బస్తా పారేయకండి

చేవెళ్లలో మా కొత్త ఇంటి స్లాబ్ ఏడాదికే పొడిపొడిగా రాలుతోంది. సిమెంట్ మొయినాబాద్‌లో కొన్నాం. మేస్త్రీ నీళ్లు సరిగ్గా పట్టలేదని షాపాయన, సిమెంటే పాతదని మేస్త్రీ.

సొంతంగా కట్టుకున్నాం కాబట్టి రెరా వర్తించదు. మనకు దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. షాపుపైనా, కంపెనీపైనా జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు. గడువు 2 ఏళ్లు. 5 లక్షల లోపు సరుకైతే ఫీజు లేదు, లాయర్ లేకున్నా నడుస్తుంది. అవసరమైతే శాంపిల్‌ని ల్యాబ్‌కి పంపేది కమిషనే.

మరి బిల్లు? "తెలిసినోడే కదరా, బిల్లెందుకు" అన్నడు నాన్న. ఫోన్‌పే హిస్టరీ దొరికింది. ఇంకా నయం, కోళ్ల గంప మీద కప్పిన ఖాళీ బస్తా ఒకటి మిగిలింది. 3 నెలలు దాటితే సిమెంట్ బలం తగ్గుతుంది. బస్తా మీది తయారీ వారం చూస్తే, స్లాబ్ రోజుకి అది 5 నెలల పాతది. నోటీసు రాస్తున్నా.