దీవులపై జెండా, దీవులలో అధికారము

డిసెంబరు 30వ తేది వచ్చినప్పుడెల్ల మన సభావేదికలపై ఒక మాట తప్పక వినబడుచున్నది. 1943లో ఆ దినమున నేతాజీ పోర్టుబ్లెయిరులో త్రివర్ణపతాకము నెగురవేసెననియు, నాడే అండమాను ద్వీపములు స్వతంత్రము లయ్యెననియు వక్తలు చెప్పుదురు, శ్రోతలు కరతాళధ్వనులు సలుపుదురు. ఇందు మొదటి మాట సత్యము. రెండవ మాట సత్యము కాదు. జెండా యెగిరినది, అధికారము మాత్రము చేతులు మారలేదు. ఈ రెంటిని కలగలిపి బాలురకు బోధించుటయే దేశభక్తి యని కొందరు తలంచుచున్నారు. మేమట్లు తలంచుట లేదు.

ఆ జెండా యెట్టిదో ముందుగా విచారింతము. జర్మనీలో నేర్పడిన భారతదళపు చిహ్నమున దుముకు పులి యుండెను గాన, పోర్టుబ్లెయిరులో నెగిరినదియు నదియే యని పలువురు భ్రమపడుచున్నారు. ఆజాద్ హింద్ ప్రభుత్వము స్వీకరించినది కాంగ్రెసువారి చరఖా జెండా. దాని పుట్టుకలో ఆంధ్రుల పాలు తక్కువది కాదు. 1917 నాటి హోమ్‌రూలు జెండాకు అయిదు ఎఱ్ఱని చారలు, నాలుగు పచ్చని చారలు, సప్తర్షి నక్షత్రములు నుండెను. కాని మూలను ఆంగ్లేయుల జెండాయు నుండెను. స్వరాజ్యమును గోరుచు పరరాజ్యచిహ్నమును మోయుట యెట్లు? 1921లో బెజవాడ కాంగ్రెసు సంఘ సమావేశమున పింగళి వెంకయ్యగారు ఎఱుపు పచ్చల జెండాను గాంధీజీ కర్పించిరి. తెలుపును చేర్చవలెనని గాంధీజీ కోరిరి; చరఖా నడుమ నిలిచెను. 1931లో ఎఱుపునకు బదులు కాషాయము వచ్చి పైకెక్కెను. ఈ వర్ణములు మతములకు గుర్తులు కావనియు నాడే స్పష్టపరచిరి. 1947 జూలై 22న రాజ్యాంగసభ చరఖాకు మారు ధర్మచక్రము నుంచెను. నాటి సభలో మాటలాడిన సర్వేపల్లి రాధాకృష్ణయ్యగారు మనవారే. నాడు చిత్తూరు జిల్లాలోనిదైన తిరుత్తణి వారి జన్మస్థలము. బాల్యమున మన తిరుపతి మిషను పాఠశాలలో చదివిరి. ఈ జెండా క్రింద పనిచేయువారికి సత్యధర్మములే నియామకములు కావలెనని వారు బోధించిరి. అట్టి జెండా చరిత్రనే అసత్యముతో నలంకరించుట న్యాయమా?

ఇక దీవుల కథ. 1942 మార్చి 23న జపానువారు అండమానుల నాక్రమించిరి. 1943 అక్టోబరు 21న సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వ మేర్పడెను. నవంబరులో ఈ దీవులను దాని కప్పగింతుమని జపాను ప్రధాని టోజో ప్రకటించెను. డిసెంబరు చివర నేతాజీ వచ్చిరి, జెండా నెగురవేసిరి, సెల్యులర్ జైలును దర్శించిరి. జపానువారు వారికి జైలును చూపిరి; అందే చిత్రహింసల ననుభవించుచున్న డాక్టరు దివాన్‌సింగును మాత్రము చూపలేదు. భారత స్వాతంత్ర్య సంఘమునకు అచట నాయకుడైన యా పంజాబీ కవి 1944 జనవరి 14న ఆ హింసలవలననే మరణించెను. జనవరి 30న హంఫ్రీగంజులో నలువదినలుగురు భారతీయులను గూఢచారులని నిందమోపి జపాను సైనికులు కాల్చి చంపిరి. జెండా యెగిరి నెల మాత్రమే యయ్యెను! ఫిబ్రవరిలో నేతాజీ ప్రతినిధిగా వచ్చిన లోగనాథన్‌గారి చేతికి విద్యాశాఖ తప్ప చెప్పుకోదగిన యధికార మేదియు రాలేదు. 1945 అక్టోబరులో ఆంగ్లేయులు మరల వచ్చిరి. పాఠశాలలు తనవి, తుపాకులు పరులవి యైన రాజ్యమును స్వతంత్రరాజ్య మనవచ్చునా?

యుద్ధకాలమున నేతాజీ యింతకు మించి యేమి చేయగలిగెడివారని కొందరు ప్రశ్నింతురు. ఏమియు చేయగలిగెడివారు కారు. మేము వారిని నిందించుట లేదు. వారి సాహసమును పొగడుటకు సత్యము చాలును, కల్పన యక్కరలేదు. మరికొందరు దీనికి విరుద్ధముగా, జపానువారి నీడలో నెగిరిన జెండా బొమ్మలాట యని యీసడింతురు. వీరితోడను మాకు పొత్తు లేదు. రంపవీరుడు మల్లుదొర, కాకినాడ బాంబుకేసు ప్రతివాది భయంకరాచారి మొదలగు మనవారు ఏ దీవిలో సంకెళ్లు మోసిరో, ఆ దీవి గాలిలో ఆ జెండా రెపరెపలాడుట అల్పవిషయము కాదు. అది ప్రతిజ్ఞ. ప్రతిజ్ఞను నెరవేరిన కార్యమని చాటుటయే మా యాక్షేపణ.

ఈ భేదమును తిరుపతివారికి వేరుగ బోధింప నక్కరలేదు. బ్రహ్మోత్సవముల తొలినాడు గరుడధ్వజము ధ్వజస్తంభమున కెక్కును. దేవతల కది యాహ్వానము. ధ్వజారోహణమైనది గదా యని వాహనసేవలు మాని, అర్చకులు తలుపులు మూసికొని పోయినచో నూరుకొను భక్తుడు గలడా? జెండా యెత్తుట ఉత్సవమునకు ఆరంభమే గాని ఉత్సవము కాదు.

మరి నేడు అండమానులలో ఉత్సవ మెంతవరకు జరిగినది? 2018 డిసెంబరు 30న హావ్‌లాకు దీవికి స్వరాజ్ ద్వీపమనియు, నీలు దీవికి షహీద్ ద్వీపమనియు, రాసు దీవికి నేతాజీ పేరును పెట్టిరి. 2024లో పోర్టుబ్లెయిరు శ్రీవిజయపుర మయ్యెను. 1857లో మనవారిని హింసించిన సేనానుల పేర్లు పోయినందుకు మేమును సంతోషించుచున్నాము. కాని స్వరాజ్యమను పేరు గల దీవిలోని ప్రజలకు శాసనసభ లేదు! పురపాలకసంఘమును పంచాయతీలును కలవు. లోకసభలో నొక్క సభ్యుడు కలడు. తక్కినదెల్ల ఢిల్లీ నియమించు లెఫ్టినెంటు గవర్నరు చేతిలోనిది. ఆ ప్రజలలో మన శ్రీకాకుళపు తీరమునుండి పోయి స్థిరపడిన తెలుగువారును వేలకొలది కలరు.

జనసంఖ్య చాలదందురా? 2011 లెక్కలలో ఆ దీవుల జనము 3,80,581. 1975లో రాష్ట్రమైన సిక్కిమున 1971 నాటికి జనము రెండు లక్షల పదివేలు. సరిహద్దు ప్రదేశ మందురా? చైనా సరిహద్దుననున్న అరుణాచలమునకు శాసనసభ లేదా? ఆదిమజాతుల రక్షణకు భంగమందురా? ఆ రక్షణను ఢిల్లీ చేతనే యుంచి, తక్కిన విషయముల నప్పగింపవచ్చును. మన తెలుగువారు తరతరములుగా నివసించుచున్న మారిషసు దీవిలో 1968 మార్చి 12న ఎఱుపు, నీలము, పసుపు, పచ్చ చారల జెండా యెగిరినప్పుడు, దాని క్రింద ఆ ప్రజ లెన్నుకొన్న సభ యుండెను. జెండాకు నీడ నిచ్చు గుణము అట్లు వచ్చును.

మేము కోరునవి రెండు. డిసెంబరు 30న పతాకగాథ చెప్పు ప్రతి వేదికపైనను, మన జిల్లాలలోని ప్రతి పాఠశాలలోను దివాన్‌సింగును, హంఫ్రీగంజు మృతులను స్మరింపవలెను. ఆ దీవులకు ప్రజలెన్నుకొను శాసనసభను పార్లమెంటు ప్రసాదింపవలెను. రంపలో తిరుగబడి ద్వీపాంతరశిక్ష ననుభవించిన మల్లుదొర 1952లో లోకసభలో కూర్చుండెను. ఖైదీకి దక్కిన గౌరవము ఖైదుండిన దీవికి దక్కదా? 1943లో జెండా ముందు వచ్చెను, అధికారము రాలేదు. ఆ కొఱతను తీర్చుట నేటి ప్రభుత్వముల పని. తీర్పించుట మన పని.