మెకానిక్ అనే మాట తిట్టు కాదు

"చదవకపోతే మెకానిక్ అవుతావు చూడు!" ఈ మాట వినని పిల్లవాడు మన బడిలో ఒక్కడైనా ఉన్నాడా? ఇంట్లో అంటారు, చుట్టాలు అంటారు, ఒక్కోసారి తరగతిలోనూ వినిపిస్తుంది. మా నాయన హోసూరులో టూవీలర్ మెకానిక్. అందుకని ఆ మాట నాకు బుద్ధి చెప్పినట్టు ఉండదు, మా ఇంటిని తిట్టినట్టు ఉంటుంది. ఆ మాట తప్పు అని నేను వాదిస్తున్నాను. నాకు సాక్షి ఒక చిన్న కారు.

అది రిమోటుతో నడిచే రేసు బగ్గీ. అసలు బండిలో పదో వంతు ఉంటుంది. అందులో బ్యాటరీ, మోటారు, మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే స్పీడ్ కంట్రోలర్, ముందు చక్రాలను తిప్పే సర్వో, నూనె నింపిన నాలుగు షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. మేము ఐదుగురం స్నేహితులం డబ్బులు పోగుచేసి బెంగళూరులో ఒకరి దగ్గర పాతది కొన్నాం. "ఇంత పెద్దయినా బొమ్మలతో ఆటలా?" అని పెద్దవాళ్ళు నవ్వుతారు. కానీ జపాన్‌లోని టామియా సంస్థ 1984లో గ్రాస్‌హాపర్ అనే బగ్గీని విడి భాగాలుగానే పెట్టెలో పెట్టి అమ్మింది. కొన్నవాడే కూర్చుని బిగించుకోవాలి. 1985లో అమెరికాలోని డెల్ మార్‌లో పదో వంతు బగ్గీలకు మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. ఈ ఆటలో నడపడం సగం, విప్పి బిగించడం సగం.

మా బగ్గీ ఒకసారి రెండు నిమిషాలు నడిచి ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసేపు ఉంచితే మళ్ళీ నడిచేది, మళ్ళీ ఆగేది. ఒక అంగడికి తీసుకుపోతే విప్పి కూడా చూడలేదు. "మోటారు పోయింది, కంట్రోలర్ కూడా మార్చాలి" అన్నారు. వాళ్ళు చెప్పిన డబ్బు మేము బండి కొన్న ధరలో సగం. నాయన దగ్గరికి తెచ్చాం. ఆయన ఇలాంటి బండిని అంతకుముందు ముట్టుకోలేదు. "మొదట బ్యాటరీ తీసి పక్కన పెట్టురా. ఇప్పుడు ఒక్కో చక్రం చేత్తో తిప్పు. ఊరికే తిరుగుతా ఉందా, పట్టుకుంటా ఉందా?" అన్నాడు. వెనక ఎడమ చక్రం పట్టుకుంటా ఉంది. విప్పితే బేరింగు నిండా ఇసుక. లోపల 5, బయట 10, మందం 4 మిల్లీమీటర్లు ఉండే చిన్న బేరింగు అది. కొత్తది వేశాం. బండి నడిచింది. మోటారూ పోలేదు, కంట్రోలరూ పోలేదు.

ఎందుకు ఆగేదో పదో తరగతి భౌతిక శాస్త్రంలోనే ఉంది. చక్రం బిగుసుకుంటే మోటారు మీద భారం పెరుగుతుంది. భారం పెరిగితే అది ఎక్కువ కరెంటు లాగుతుంది. నిరోధం, కాలం మారకుండా కరెంటు రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలు. ఇది జౌల్ నియమం. వేడి హద్దు దాటగానే కంట్రోలర్ తనను తాను కాపాడుకోవడానికి మోటారును ఆపేస్తుంది. ఈ నియమాన్ని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా నాయనకు నియమం పేరు తెలియదు, కానీ ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుసు. ఈ రెండింటిలో ఒకటి గొప్ప, ఇంకొకటి తిట్టు ఎలా అవుతుంది?

రిపేరు అంటే చదువు రానివాడి పని అనేవాళ్ళు ఒక్కసారి షాక్ అబ్జార్బర్ నింపి చూడండి. సిలికాన్ నూనె పోసి, పిస్టన్‌ను నిదానంగా పైకీ కిందికీ ఆడించి, గాలి బుడగలన్నీ పోయేదాకా కాచుకోవాలి. తొందరపడితే నాలుగు చక్రాలూ నాలుగు రకాలుగా ఎగురుతాయి. మోటారు పళ్ళచక్రానికీ పెద్ద పళ్ళచక్రానికీ నడుమ సన్న కాగితం ముక్క పెట్టి, దగ్గరికి నొక్కి, మోటారు బిగించి, కాగితం లాగేయాలి. కావలసినంత సందు మిగులుతుంది. సందు ఎక్కువైతే పళ్ళు అరుగుతాయి, అసలు లేకపోతే మోటారు వేడెక్కుతుంది. ఇంత ఓపిక, ఇంత లెక్క ఉన్న పనికి బుర్ర అక్కర్లేదా?

"బ్యాటరీలు ప్రమాదం కదా" అని అమ్మలు అడుగుతారు. ఆ మాట నిజమే. లిపో బ్యాటరీ నిర్లక్ష్యంగా వాడితే అంటుకుంటుంది. అందుకే నేర్చుకోవాలి. సెల్లుకు 4.2 వోల్టులు దాటకూడదు, 3 కంటే కిందికి పోకూడదు, వాడకుండా పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బినదాన్ని చార్జ్ చేయకూడదు, గుచ్చకూడదు. మంట అంటుకోని చోట, పెద్దవాళ్ళు ఉన్నప్పుడే, ఎదురుగా కూర్చుని చార్జ్ చేయాలి. ఇవేమీ తెలియకుండా ఫోను దిండు కింద పెట్టి చార్జ్ చేసే ఇళ్ళు ఎన్ని లేవు?

"పబ్లిక్ పరీక్షల ఏడాదిలో ఇదంతా ఎందుకు?" అనేవాళ్ళకు నా జవాబు: నేను చదువు వద్దు అనడం లేదు. మా అమ్మకు నేను ఇంజనీరు కావాలని ఉంది, నాకూ ఇష్టమే. కానీ స్క్రూ విప్పడం నామోషీ అనుకునే ఇంజనీరు ఎవరికి పనికొస్తాడు? ఇక బండి ఆగిన రోజే కొత్తది కొనిపించే స్నేహితులకు కూడా ఒక మాట. మీ ఇంట్లో డబ్బు ఉండవచ్చు. ఆ పాత బండిలో పోయింది ఒక్క బేరింగు అయితే, మిగతాదంతా చెత్తలో వేసే హక్కు ఆ డబ్బు ఇస్తుందా?

ఇంకో మాట కూడా వింటుంటాం: తెలుగు మీడియంలో చదివితే యంత్రాల పని రాదని. మా నాయన షెడ్డులో గిరాకీలతో తమిళం, విడి భాగాల అంగడివాళ్ళతో కన్నడం, మాతో తెలుగు మాట్లాడతాడు. ఇంజను ఏ భాషకైనా స్టార్ట్ అవుతుంది. మేము బగ్గీ విప్పే వరుస, బిగించే వరుస తెలుగులో ఒక చార్టు మీద రాసుకున్నాం. ఏడో తరగతి తమ్ముళ్ళు దాన్ని చూసి ముందు చక్రాలు విప్పి మళ్ళీ బిగించారు.

కాబట్టి మన ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా మనవి ఇది. సైన్సు గదిలో ఒక బల్ల, వారానికి ఒక గంట ఇవ్వండి. ఇంట్లో ఆగిపోయిన టార్చి, మిక్సీ, బొమ్మ కారు ఏదైనా తెస్తాం. టీచరు పక్కన ఉండగా, కరెంటు తీసేసి, విప్పి చూస్తాం. నెలకు ఒకసారి మన ఊరి మెకానిక్‌ను ఒకరిని పిలవండి. ఆయన వచ్చినప్పుడు మేమంతా లేచి నిలబడి, మిగతా అయ్యవార్లను పిలిచినట్టే ఆయననూ "సార్" అని పిలుస్తాం.