టైకి వంపు ఉండాలి... మనకెందుకు తలవంపు?

వార్షికోత్సవ సంచిక అనగానే మెస్ చార్జీల మీద, స్కాలర్‌షిప్పుల మీద, కూలిపోయే గోడల మీద రాయడం మన ఆనవాయితీ. అవన్నీ రాయవలసినవే. కానీ ఈసారి మేము చాలా చిన్నగా కనిపించే ఒక విషయం మీద మా అభిప్రాయం చెప్పదలచుకున్నాం. అది టై. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, టై ముడి కింద గుడ్డ ఛాతీకి అతుక్కుపోకుండా కాస్త ముందుకు ఉబికి, వంపు తిరిగి, నిండుగా కిందికి జారడం. "తిండి గురించి రాయకుండా టై గురించి రాస్తారా?" అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. నవ్విన తరువాత చివరిదాకా చదవమని మా మనవి.

నాన్న ఆఫీసరో, ఇంజనీరో అయిన ఇళ్లలో ఈ విద్యను ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. కొడుకు అద్దం ముందు నిలబడితే తండ్రి వెనక నుంచి రెండు చేతులూ వేసి ముడి వేసి చూపిస్తాడు. అయిదు నిమిషాల పని. మన నాన్నల మెడలో ఉండేది తువ్వాలు. చెమట తుడుచుకోవడానికీ, అన్నం మూట కట్టుకోవడానికీ, ఎండకు తలకు చుట్టుకోవడానికీ అదొక్కటే. అందుకని మనలో చాలామందికి టైతో పరిచయం రెండే చోట్ల. ఒకటి బడిలో వేసుకున్న ఎలాస్టిక్ టై. రెండోది మన వాడ సెంటర్లో ఉన్న అంబేద్కర్ విగ్రహం.

ఇక ఇంటర్వ్యూ అనగానే హాస్టళ్లలో జరిగే తతంగం మనందరికీ తెలుసు. కోఠిలో కొన్న రెండు టైలు, కట్టుకోవలసినవాళ్లు పదిమంది. ఎప్పుడో ఒక సీనియర్ అన్న వేసిన ముడి అది. విప్పితే మళ్లీ రాదేమోనని ఎవరూ విప్పరు. తల మీదుగా తొడుక్కోవడం, తల మీదుగా తీసి పక్కవాడికి ఇవ్వడం. ఆ ముడి నలిగి నలిగి గట్టిపడిపోతుంది. దాని కింద గుడ్డ ఎండకు వాడిన సొరతీగలా వేలాడుతుంది. అలా మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో అద్దాల గదిలో కూర్చుంటాం. ఎదుటివాళ్లు ఏమీ అనకపోవచ్చు. కానీ మన చెయ్యి మాటిమాటికీ మెడ మీదికి పోతుంది. చెయ్యి మెడ దగ్గర ఉంటే మనసు జవాబు దగ్గర ఉండదు. మేము తలవంపు అంటున్నది దీన్నే.

ఈ విషయంలో మన మిత్రుల్లో రెండు వాదనలున్నాయి. టై అనేది దొరల వేషం, మన ఎండలకు పనికిరాని బానిసత్వం అని ఒక వాదన. టై కట్టుకుని నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే ఉద్యోగం వచ్చినట్టే అని రెండోది. ఈ రెండో వాదన మీదే అమీర్‌పేటలో ఎన్నో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ బోర్డులు వెలిశాయి. మా దృష్టిలో రెండూ సగం సగం నిజాలే.

మొదట హైటెక్ సిటీనే చూద్దాం. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కడి నుంచి కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా ఐటీ కంపెనీలు విస్తరించాయి. తొలి రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అంటే ఇస్త్రీ చొక్కా, టై, నల్లబూట్లు. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. ఇన్ఫోసిస్ వంటి కంపెనీయే 2015లో వారం పొడవునా ఫార్మల్ దుస్తులు అవసరం లేదని తన ఉద్యోగులకు చెప్పింది. ఇవాళ రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో దిగేవాళ్లను చూడండి. జీన్సు, టీ షర్టు, మెడలో ఐడి కార్డు. ఇప్పుడు హైటెక్ సిటీ అసలు టై ఆ ఐడి కార్డు తాడే!

మరి అదే రోడ్డు మీద టై ఎవరు కడుతున్నారు? కార్ల షోరూము సేల్స్ కుర్రాడు, హోటల్ రిసెప్షన్‌లో నిలబడినవాడు, ఎండలో బ్యాగు మోసుకు తిరిగే మెడికల్ రెప్, ఇంటర్వ్యూకు వచ్చిన మనలాంటివాడు. లోపల ప్రశ్నలు అడిగే ఆయన టీ షర్టులో ఉంటాడు, జవాబు చెప్పేవాడు టైలో ఉంటాడు. దీన్నిబట్టి మాకు అర్థమైంది ఒక్కటే. టై తీసి పక్కన పెట్టే స్వేచ్ఛ కూడా అందరికీ ఒకేసారి రాదు. ఎవరి తెలివిని ఎవరూ శంకించరో వాళ్లకు ముందు వస్తుంది. ఎవరిని ముందే శంకించి చూస్తారో వాళ్లకు ఆఖరున వస్తుంది.

చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లిన గాంధీ గారు కొల్లాయి గుడ్డతోనే రాజుగారిని కలిశారు. లోకం మెచ్చుకుంది. ఆ సమావేశాల్లోనే పాల్గొన్న అంబేద్కర్ గారు సూటు, టైలలో ఉన్నారు. ఆయన అలంకారం కోసం వేసుకోలేదు. మంచి బట్ట కట్టే హక్కే లేదని తరతరాలుగా చెప్పించుకున్న జనం తరఫున ఆయన వెళ్లారు. ఉన్నవాడు విప్పితే త్యాగం అంటారు, లేనివాడు విప్పితే వాడి గతి అంతే అంటారు. 1927లో మహద్‌లో మన స్త్రీలతో మాట్లాడినప్పుడు కూడా, అంటరానితనాన్ని దూరం నుంచే పట్టిచ్చే కట్టూబొట్టూ వదిలేయమనీ, చీర నిండుగా, శుభ్రంగా కట్టుకోమనీ ఆయన చెప్పారు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహానికీ సూటూ టై ఉన్నాయి. కాబట్టి టై దొరలది, మనది కాదు అనే మిత్రులు మన వాడ విగ్రహాన్ని ఒకసారి తలెత్తి చూడాలని కోరుతున్నాం.

నిజానికి టై పుట్టుకలోనూ దొరతనం లేదు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు వచ్చిన క్రొయేషియా సైనికులు మెడకు చుట్టుకున్న గుడ్డ నుంచే ఇది వచ్చిందంటారు. అంటే మన నాన్నల తువ్వాలుకు దూరపు చుట్టమే. 1999లో కేంబ్రిడ్జిలోని ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టి, టై ముడి వేయడానికి 85 పద్ధతులున్నాయని తేల్చారు. మనకు ఒక్కటి చాలు. దాని పేరు ఫోర్ ఇన్ హ్యాండ్.

చొక్కా పై గుండీ పెట్టుకోవాలి. టై వెడల్పు కొనను సన్న కొన మీదుగా దాటించి, వెనక నుంచి తిప్పి, మళ్లీ ముందు నుంచి దాటించాలి. తరువాత మెడ దగ్గరి సందులోంచి పైకి తీసి, ముందు పడిన చుట్టు లోపలి నుంచి కిందికి దించాలి. ఇంతవరకు చాలామందికి వస్తుంది. అందం ఆ తరువాత ఉంది. ముడి బిగించే ముందు చూపుడు వేలితో ముడి కింద గుడ్డను లోపలికి నొక్కి, బొటనవేలు, మధ్యవేలితో రెండు పక్కలా పట్టుకోవాలి. బుగ్గ మీద సొట్టలాంటి గుంట పడుతుంది. దాన్ని వదలకుండా వెడల్పు కొనను కిందికి లాగి ముడిని గట్టిగా బిగించాలి. ఆ తరువాత సన్న కొన పట్టుకుని ముడిని కాలరు దాకా పైకి జరపాలి. ముడికీ కాలరుకూ మధ్య సందు ఉండకూడదు. అప్పుడు ఇరుకు ముడిలోంచి వచ్చే గుడ్డ ముందుకు ఉబికి, తరువాత కిందికి జారుతుంది. వంపు అంటే అదే. ముడి వదులుగా ఉంటే గుంటా నిలవదు, వంపూ రాదు. టై కొన బెల్టు బకిల్‌ను తాకితే కొలత సరిపోయినట్టు.

మనం కొనే టైలు పలచటి పాలిస్టర్‌వి, లోపలి అస్తరు మందంగా ఉండదు, కనుక వంపు త్వరగా పడిపోతుంది. దానికీ ఉపాయం ఉంది. చొక్కా మూడో, నాలుగో గుండీల మధ్య టై క్లిప్ పెట్టి, క్లిప్ పైన గుడ్డను ఒక వేలెడు పైకి లాగి వదిలితే ఉబ్బు నిలుస్తుంది. టై గుడ్డను ఏటవాలుగా కత్తిరిస్తారు. అందుకే అది మెడ చుట్టూ సాఫీగా తిరుగుతుంది, ముడి విప్పితే తిరిగి సర్దుకుంటుంది. రాత్రిపూట ముడి విప్పి వేలాడదీయాలి. ఏళ్ల తరబడి విప్పని ముడి ఎంత మంచి టైనైనా పాడు చేస్తుంది.

ఇందులో మన ఇళ్లకు తెలియనిది ఏముంది? అమ్మ చీర కుచ్చిళ్లు పట్టి దోపుకుంటే, పైన బిగువుగా ఉన్న మడత కింద విచ్చుకుని జారుతుంది. టై వంపూ ఆ లెక్కే. వరి మోపు జారకుండా కట్టే నాన్నకు, పలుపు ముడి ఒక్క లాగుతో విప్పే తాతకు ముడుల సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. మనవాళ్లకు చేతి పని తెలియక కాదు, ఈ ఒక్క గుడ్డ మన ఇళ్లకు రాకపోవడం వల్ల మనకు తెలియలేదు. తెలియకపోవడం మన నేరం కాదు.

అలాగని టై మీద భ్రమలూ వద్దు. డేటాబేస్ మీద ప్రశ్న అడిగితే టై జవాబు చెప్పదు. చదువు లేని టై దుకాణం బొమ్మకు కట్టిన టైలాంటిది. వేలకు వేలు ఫీజు కట్టి నేర్చుకోవలసిన విద్యా కాదిది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ మన హాస్టల్లోనే దొరకాలన్నది మా అభిప్రాయం.

అందుకు మా సూచనలు మూడు. హాస్టల్లో ఒక నిలువుటద్దం, ఒక ఇస్త్రీ పెట్టె ఏర్పాటు చేయాలని వార్డెన్ సార్‌ను కోరుతున్నాం. బాత్రూం దగ్గరి పగిలిన అద్దం ముక్కలో మెడ కనిపిస్తే టై కనిపించడం లేదు. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు పాత టైలు ఒకటి రెండు పంపాలి. మరీ ముఖ్యంగా, వాటిని ముడి విప్పి పంపాలి! మూడోది, ఇంటర్వ్యూల కాలానికి ముందు ఒక ఆదివారం సీనియర్లు తమ్ముళ్లను అద్దం ముందు నిలబెట్టి నేర్పాలి. తండ్రి వెనక నిలబడి చేసే పనిని మన హాస్టల్లో అన్న చేయాలి.

తమ్ముళ్లూ! ముడి వేయడం నేర్చుకోండి. విప్పడమూ నేర్చుకోండి. టై లేకుండా, టీ షర్టుతో వెళ్లినా మన జవాబును మాత్రమే వినే రోజు తప్పక వస్తుంది. ఆ రోజు టై కట్టాలా వద్దా అన్నది మన ఇష్టం. అందాకా మెడలో టై నిండుగా ఉండాలి, చెయ్యి బల్ల మీద ఉండాలి, చూపు ఎదుటివాడి కళ్లలో ఉండాలి.