ప్లగ్గు పెట్టే ముందు రెండు నిమిషాల సబర్

అమ్మీ కోసం పెట్టిన చిన్న టేబుల్ ఫ్యాన్ ఉన్నట్టుండి పిచ్చి పట్టినట్టు తిరగడం మొదలుపెట్టింది. స్విచ్చు ఒకటో నంబరు మీదే ఉంది. అయినా రెక్కలు ఊడి మొహం మీద పడతాయేమో అన్నంత జోరు. అదే టైములో నెత్తిమీద ఏసీ మాత్రం ఉబ్బసం మనిషిలా మూలుగుతోంది. అమ్మీ చేతిలో తస్బీ ఆపి, "ఏ పంఖా కైకు ఐసా ఫిర్రా రే?" అంది. ఆ సవాల్‌కి జవాబు వెతుక్కునేలోపే మైక్రోవేవ్ దగ్గర టప్‌మని శబ్దం, వెంటనే మాడిన ప్లాస్టిక్ వాసన.

ఇది మన దగ్గర జరిగిన ముచ్చట కాదు. అమెరికాలో, టెక్సస్ హిల్ కంట్రీలో, ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో. డల్లాస్ దగ్గర ఉండే మా తమ్ముడు పాత ట్రావెల్ ట్రైలర్ ఒకటి కొన్నాడు. లోపల రెండు ఏసీలు, ఫ్రిజ్, పొయ్యి, పడకలు, గుసల్‌ఖానా అన్నీ ఉన్న ఇల్లు. పికప్ బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లడమే. వేసవి సెలవుల్లో అమ్మీని, నన్ను పిలిపించుకుని, "భాయిజాన్, హోటళ్ల ఝంఝట్ లేదు, మన వంట మనం, మన పరుపు మనం" అని సఫర్‌కి బయల్దేరదీశాడు. బిర్యానీకి బాస్మతి నుంచి అమ్మీకి తోడు దుప్పటి దాకా అన్నిటి ఇంతెజాం చేశాడు. ఒక్క కరెంటుకి తప్ప.

ఆ ఫ్యాన్ చూడగానే నాకు కర్నూలు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఒక రాత్రి మా గల్లీలో బల్బులన్నీ ఒక్కసారి పెళ్లి పందిట్లోలా వెలిగాయి. పిల్లలం చప్పట్లు కొట్టాం. అబ్బా మాత్రం పరిగెత్తి మెయిన్ ఆపేశారు. పక్కింటివాళ్లు ఆపలేదు. వాళ్లు కిస్తుల మీద కొన్న టీవీ ఆ రాత్రే పోయింది. మర్నాడు లైన్‌మన్ వచ్చి, "స్తంభం దగ్గర న్యూట్రల్ తెగింది" అన్నాడు. నాకు ఉర్దూ మీడియం స్కూల్లో సైన్సు పాఠం నేర్పనిది ఆ రాత్రి నేర్పింది. కరెంటు పోతే బాధ లేదు, న్యూట్రల్ పోతే బర్బాదీ.

"బయట బ్రేకర్ ఆపు" అని అరిచాను. తమ్ముడు ఉరికాడు. అప్పటికే మైక్రోవేవ్, టీవీ, బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించే కన్వర్టర్, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు, నాలుగూ ఖతం. ఫ్రిజ్‌లో అమ్మీ ఇన్సులిన్ ఉంది. బయట జూలై ఎండ. టీవీ పోయినందుకు కాదు, ఆ ఇన్సులిన్ డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు తమ్ముడి మొహం నల్లబడింది.

పక్క ట్రైలర్‌లో ఒక అమెరికన్ పెద్దాయన ఉన్నాడు. జిందగీ అంతా ఎలక్ట్రీషియన్ పని చేసి రిటైరైనవాడు. మొదట ఇన్సులిన్‌ని తన ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు. తర్వాత టార్చి తెచ్చి, బ్రేకర్ ఆపి ఉందని చూసుకుని, మా ప్లగ్గు లాగాడు. నాలుగు కాళ్లలో న్యూట్రల్ కాలు నల్లగా కమిలిపోయి ఉంది. సాకెట్‌లో అదే కన్నం చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. "ఇది ఈరోజు మాడింది కాదు, చాలా రోజులుగా మాడుతోంది" అన్నాడు. అంటే మాకన్నా ముందు దిగిన ముసాఫిర్లు ఎవరో చూసి ఉంటారు. లేదా చూడకుండా వెళ్లిపోయి ఉంటారు. మేమూ చూడలేదు కదా!

ఆఫీసులో యజమాని మాట మాత్రం ఒకటే. "ఇంతవరకు ఎవరూ షికాయత్ చేయలేదు, మీ బండిలోనే ఏదో ఖరాబీ ఉంది."

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇది చదివేవాళ్లలో అమెరికాలో కొడుకులు, కూతుళ్లు ఉన్నవాళ్లు చాలామందే. ఎండాకాలం రాగానే అమ్మానాన్నల్ని రప్పించుకుని, ఆర్‌వీ అద్దెకు తీసుకుని పార్కులు చూపించడం మనవాళ్లలో ఒక షౌక్ అయింది. మంచిదే. కానీ "అమెరికా కరెంటు కదా, దానికేమవుతుంది" అనే గుడ్డి భరోసా మాత్రం మంచిది కాదు. ఇంట్లో కరెంటు వేరు, క్యాంప్‌గ్రౌండ్ కరెంటు వేరు. ఇంటి సాకెట్‌లో ఒకసారి పెట్టిన ఫ్రిజ్ ప్లగ్గు ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. క్యాంప్‌గ్రౌండ్ సాకెట్‌లో ప్రతి రెండు రోజులకు ఒకరు గుచ్చుతారు, ఇంకొకరు పీకుతారు. వాన, ఎండ, దుమ్ము, చీమలు. లోపలి పట్టు సడలుతుంది. సడలిన చోట వేడి పుడుతుంది. వేడి పుట్టిన చోట ఇంకా సడలుతుంది.

అక్కడ ప్రతి స్థలం దగ్గరా మన మీటరు డబ్బా లాంటిది ఒకటి ఉంటుంది, పెడస్టల్ అంటారు. అందులో పెద్ద బండ్లకి రెండు రకాల సాకెట్లు. 30 ఆంపియర్లది మూడు కాళ్లది. 120 వోల్టుల లైవ్ ఒకటే, మొత్తం 3,600 వాట్లు. 50 ఆంపియర్లది నాలుగు కాళ్లది. 120 వోల్టుల లైవ్‌లు రెండు, మధ్యలో న్యూట్రల్, ఒక ఎర్త్. మొత్తం 12,000 వాట్లు. రెండు లైవ్‌ల మధ్య 240 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ ఉన్నంతసేపు ఎవరి 120 వాళ్లకి. అది తెగిందా, రెండు వైపుల సామాన్లూ ఒకే దారానికి గుచ్చిన పూసలవుతాయి. 240 వోల్టుల్ని బరువును బట్టి పంచుకుంటాయి. ఒక వైపు 1,500 వాట్ల హీటరు, రెండో వైపు 300 వాట్ల సామాను ఉందనుకోండి. హీటరుకి 40 వోల్టులే దక్కుతాయి, చిన్న సామాను నెత్తిన 200 వోల్టులు పడతాయి. పెద్దది మూలుగుతుంది, చిన్నది మాడుతుంది. మా ఏసీ, మా ఫ్యాన్ కథ ఇదే. బలమైనోడి భారం బలహీనుడి మీద పడటం కరెంటులో కూడా ఉందన్నమాట!

న్యూట్రల్ ఒక్కటే ముసీబత్ కాదు. రెండోది లో వోల్టేజీ. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో ఆర్‌వీ పార్కుల కోసం 551 అని ఒక ఆర్టికల్ ఉంది. అందరూ ఒకేసారి నిండుగా వాడరనే అంచనా మీద, 36 స్థలాలు దాటిన పార్కుకి మొత్తం లోడులో 41 శాతానికి సరిపడా లైను వేసినా చాలని అది ఒప్పుకుంటుంది. మామూలు రోజుల్లో ఈ హిసాబ్ సరిపోతుంది. కానీ జూలై మధ్యాహ్నం టెక్సస్‌లో ఏ బండిలో ఏసీ ఆగి ఉంటుంది? లైను చివర ఉన్నవాడికి వోల్టులు తగ్గుతాయి. ఏసీ కంప్రెసర్ తక్కువ వోల్టేజీలో ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, ఆయుష్షు తగ్గించుకుంటుంది. మన ఊళ్లలో లైను చివరి ఇంటి ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ ఎందుకు పెడతామో తెలిసినవాళ్లకి ఇది కొత్త పాఠం కాదు. వోల్టేజీ పెంచే డబ్బాలు అక్కడా దొరుకుతాయి. కానీ వోల్టులు పెంచిన కొద్దీ అది లైను నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుందని మరవొద్దు.

మూడోది అన్నిటికన్నా ఖతర్‌నాక్. ఎర్త్ లేకపోవడం. బండి రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. ఎర్త్ తీగ తెగి, లోపల ఎక్కడో లైవ్ లీకైతే బండి ఒళ్లంతా కరెంటే. లోపల ఉన్నవాళ్లకి ఏమీ తెలియదు. తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకున్న పిల్లాడికి తెలుస్తుంది. తలుపు పట్టుకుంటే చిన్నగా జివ్వుమన్నా సరే, నవ్వేసి ఊరుకోవద్దు. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, వెంటనే పెడస్టల్ దగ్గర బ్రేకర్ ఆపించండి.

నాలుగోది ఇంటి దగ్గరే జరుగుతుంది. ట్రైలర్ కోసం ఇంటి పక్కన 30 ఆంపియర్ల సాకెట్ పెట్టించుకుంటారు. ఆర్‌వీల పని తెలియని ఎలక్ట్రీషియన్, బట్టలారబెట్టే డ్రయ్యర్‌కి ఇచ్చినట్టే 240 వోల్టులు కలిపేస్తాడు. 120 వోల్టుల బండికి 240 ఎక్కితే ఇక చెప్పేదేముంది? పని చేయించేటప్పుడు "120 వోల్టులు, ఆర్‌వీ కోసం" అని సాఫ్‌సీదా చెప్పాలి. కొలిచాకే ప్లగ్గు పెట్టాలి.

మరి ఏం చేయాలి? ఆ పెద్దాయన ఆ రాత్రి మా తమ్ముడికి నేర్పిన తరీఖా ఇది. స్థలంలో బండి ఆపగానే మెట్లు దించకముందే పెడస్టల్ దగ్గరికి వెళ్లాలి. మొదట బ్రేకర్ ఆపాలి. టార్చి వేసి సాకెట్ చూడాలి. నలుపు, కరుగు, పగులు కనపడితే, ప్లగ్గు వదులుగా ఊగితే వేరే స్థలం అడగాలి. అందులో తకల్లుఫ్ వద్దు. తర్వాత రక్షణ డబ్బా ఒక్కదాన్నే సాకెట్‌కి పెట్టి బ్రేకర్ వేయాలి. అంతా ఖైరియత్ అని అది చెప్తే మళ్లీ బ్రేకర్ ఆపి, బండి ప్లగ్గు కలిపి, అప్పుడు వేయాలి. లోపల ఏసీలు ఆపి ఉంచాలి. వెళ్లేటప్పుడూ ముందు లోపలి లోడు, తర్వాత బ్రేకర్, ఆఖరికి ప్లగ్గు. మొత్తం కలిపి రెండు నిమిషాల సబర్.

ఆ డబ్బా కొనేటప్పుడు ఒక ధోకా ఉంది, జాగ్రత్త. సర్జ్ ప్రొటెక్టర్ అని చవగ్గా అమ్మేవి చాలావరకు మెరుపులా వచ్చిపోయే పెద్ద తరంగాన్నే మింగుతాయి. లో వోల్టేజీ వస్తే, నడుస్తుండగా న్యూట్రల్ పోతే చూస్తూ కూర్చుంటాయి. కావలసింది ఈఎంఎస్ అనే రకం. అది వోల్టేజీని నిరంతరం కనిపెడుతుంది. ఇలాంటి వాటిలో చాలావరకు 104కి తగ్గినా, 132 దాటినా బండికి కరెంటు తెంచేస్తాయి. ఎర్త్ లేకపోయినా, లైవ్, న్యూట్రల్ తారుమారైనా కరెంటు ఎక్కనివ్వవు. తిరిగి వేసే ముందు కంప్రెసర్ కోసం కాసేపు ఆగుతాయి. 50 ఆంపియర్ల దానికి కొన్ని వందల డాలర్లవుతుంది. మా తమ్ముడికి ఆ సాయంత్రం అయిన నుక్సాన్ ముందు అది తక్కువే. పిడుగు నేరుగా పడితే మాత్రం ఏ డబ్బా నిలవదు. ఉరుములు దగ్గరికొచ్చేలోపే ప్లగ్గు పీకి పెట్టడమే ఇలాజ్.

"పార్కువాడి తప్పుకి నేనెందుకు డబ్బు పెట్టాలి?" అని తమ్ముడు అడిగాడు. వాజిబే. జిమ్మేదారీ పార్కువాడిదే. అద్దె తీసుకున్నాక సురక్షితమైన కరెంటు ఇవ్వడం మెహర్బానీ కాదు, మన హక్కు. ప్రతి సీజన్‌కి ముందు ప్రతి సాకెట్ విప్పి చూడాలి. షికాయత్ వచ్చిన స్థలాన్ని బాగుచేసేదాకా మూసేయాలి. ఆర్‌వీలు అద్దెకిచ్చే కంపెనీలు దుప్పట్లకి, గిన్నెలకి వేరే బిల్లు వేస్తే వేసుకోనీ, ఈ రక్షణ డబ్బా మాత్రం బండితోపాటే ఇవ్వాలి. కొత్తగా తోలేవాడికి ఇలాంటిది ఒకటుందని కూడా తెలియదు మరి. ఇవన్నీ గట్టిగా అడగాల్సినవే. కానీ హక్కు గెలిచేలోపు ఇన్సులిన్ చెడిపోకూడదు కదా! హక్కు కోసం కొట్లాడటం ఒక పని, ఇంటిల్లిపాది హిఫాజత్ ఇంకో పని. ఒకటి చేస్తున్నామని రెండోది వదిలేయలేం.

"పదేళ్లుగా తిరుగుతున్నా, ఏమీ కాలేదు" అనేవాళ్లూ ఉన్నారు. ఆ యజమాని మాట కూడా అదే కదా, ఎవరూ షికాయత్ చేయలేదని. ఏమీ కాలేదన్నది సబూత్ కాదు. కాలిన సాకెట్ చూసి కూడా ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయినవాడే తర్వాత వచ్చినవాడికి గుంత తవ్వి పోయినట్టు. దావా వేయమని అనను, కనీసం ఫోటో తీసి, రాసిచ్చి, రసీదు అడగండి. అది మీకోసం కాదు, రేపు అదే స్థలంలో దిగే ఇంకొకరి అమ్మ కోసం.

ఆ రాత్రి పెద్దాయన మీటరుతో కొలిచి, అదే డబ్బాలో ఉన్న 30 ఆంపియర్ల సాకెట్ బాగుందని తేల్చాడు. తన దగ్గరున్న అడాప్టర్ ఇచ్చాడు. దానితో రెండు వైపులకీ ఒకే లైవ్ నుంచి 120 వోల్టులే వస్తాయి కాబట్టి న్యూట్రల్ పోయినా 240 ఎక్కే భయం లేదు. 3,600 వాట్లలో సర్దుకోవాలి, అంతే. అల్లా దయవల్ల ఏసీ బతికే ఉంది. ఒక్క ఏసీ వేసి అమ్మీని పడుకోబెట్టాం. దస్తర్ఖాన్ బయట గడ్డి మీద పరిచి, ఆ పెద్దాయనకీ, ఆయన భార్యకీ బిర్యానీ పెట్టాం.

తెల్లారాక తమ్ముడు మాడిన సాకెట్ ఫోటో తీసి, కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు ఈఎంఎస్ కొని బండిలో పడేశాడు. తర్వాతి మజిలీలో బండి ఆగగానే నేను దిగబోతుంటే అమ్మీ నా చెయ్యి పట్టుకుంది.

"ఠైర్ రే" అంది, "పైలే దేఖ్నే దే ఉస్‌కో."

తమ్ముడు టార్చి పట్టుకుని పెడస్టల్ దగ్గర వంగి ఉన్నాడు.