కిడ్నీ ఇస్తే కాలేయానికి ముప్పా?

నాదర్‌గుల్ నుంచి ఓ తల్లి మొన్న మా ఓపీకి వచ్చింది. కొడుక్కి డయాలసిస్ నడుస్తోంది. తన కిడ్నీ ఇద్దామనుకుంటోంది. ‘సార్, ఒక కిడ్నీ తీసేస్తే లివర్ గూడ ఖరాబైతదంట. ఎలుకల మీద చేసి చూసిన్రంట’ అంది. ఎవరో పంపిన వాట్సాప్ సందేశం వారం రోజులుగా ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

ఎలుకలపై అలాంటి ప్రయోగాలు జరిగిన మాట నిజమే. ఎంత కిడ్నీ తీశారన్నది మాత్రం ఆ సందేశంలో లేదు. రెండు కిడ్నీలూ తీసేస్తే ఒక్కరోజులోనే కాలేయ కణాలు దెబ్బతిన్నాయి. అక్కడి సన్నని రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరింది. ఆరింట అయిదు వంతులు తీస్తే, మందులను విరిచే కాలేయ ఎంజైములు తగ్గాయి. వడకట్టే దారి లేక రక్తంలో పేరుకున్న వ్యర్థాలు ఇందుకు ఒక కారణం.

ఆరోగ్యవంతుడైన దాత పరిస్థితి వేరు. మిగిలిన కిడ్నీ కొంత పెరిగి, కొద్ది నెలల్లో మునుపటి మొత్తం సామర్థ్యంలో దాదాపు 70 శాతం అందుకుంటుంది. వ్యర్థాలు అలా పేరుకోవు. అలాగని ముప్పే లేదనను. ఆపరేషన్‌తో వచ్చే ఇబ్బందులుంటాయి. తర్వాత బీపీ పెరగొచ్చు. అరుదుగా ఉన్న కిడ్నీ దెబ్బతినొచ్చు. అందుకే ముందు పూర్తి పరీక్షలు, తర్వాత ఏటా బీపీ, క్రియాటినిన్, మూత్ర పరీక్షలు తప్పనిసరి.

ఎలుకల పాఠం నిజానికి ఆమె కొడుక్కి పనికొస్తుంది. కాలేయంలోకి నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం వెళ్తుంది. కిడ్నీ రోగి ఒంట్లో నీరు మితిమీరి గుండెపై భారం పడితే, ఆ రక్తం వెనక్కి తన్ని కాలేయం ఉబ్బుతుంది. కాబట్టి డాక్టరు చెప్పిన కొలత మించి నీళ్లు తాగకూడదు. ‘ఈ మందు లివర్‌లోనే కరుగుతుంది, కిడ్నీకి సంబంధం లేదు’ అనుకోవడమూ పొరపాటే. కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. నొప్పి మాత్రలు, పసరు మందులు సొంతంగా వాడొద్దు. డయాలసిస్ చేయించుకునేవారికి హెపటైటిస్-బి టీకా తప్పక వేయించండి.

మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఆడవాళ్లే ఎక్కువ. ‘నువ్వే ఇవ్వాలి’ అని ఇంట్లో ఒత్తిడి చేయడం ఎంత తప్పో, తప్పుడు సందేశంతో భయపెట్టడమూ అంతే తప్పు. ఇవ్వాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం. పరీక్షల ఫలితాలు చేతికొచ్చాక, నిజం తెలుసుకుని ఆమె నిర్ణయం తీసుకోవాలి.