బడి ఎంత దూరం?

పిల్లల చదువు ప్రస్తావన వచ్చినప్పుడు మనం ఫీజుల గురించి, పుస్తకాల గురించి, ఉపాధ్యాయుల గురించి చర్చిస్తాం. ఇంటికీ బడికీ మధ్య ఉన్న దారి గురించి మాత్రం అరుదుగా మాట్లాడతాం. పై తరగతులు పక్క ఊళ్లో ఉన్నాయి, వేళకు బస్సు లేదు, ఆడపిల్లను ఒంటరిగా పంపలేం అన్న కారణాలతోనే ఎందరో బాలికల చదువు మధ్యలో ఆగిపోతోంది. ఆ పిల్లల్లో తెలివికి కొరత లేదు, తల్లిదండ్రుల్లో ప్రేమకూ కొరత లేదు. అడ్డుపడింది దూరం.

ఈ సంగతిని చట్టం గుర్తించింది. 2009 విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం రూపొందించిన నియమావళి ప్రకారం 1 నుంచి 5 తరగతుల పిల్లలకు 1 కిలోమీటరు, 6 నుంచి 8 తరగతుల వారికి 3 కిలోమీటర్ల నడక దూరంలో బడి ఉండాలి. ఆ పరిధిలో బడి లేని చిన్న పల్లెల పిల్లలకు ఉచిత రవాణా, వసతి వంటి ఏర్పాట్లు చేయాలి. వరదలు, కొండచరియలు, దారి లేకపోవడం వంటి ప్రమాదాలున్న చోట పరిధిని ఇంకా తగ్గించాలి. సమగ్ర శిక్ష పథకంలో అర్హులైన విద్యార్థికి ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా సాయం అందించే వీలుంది.

మరి ఆ అర్హులెవరు? దీన్ని తేల్చేది దూరం కనుక, దాన్ని ఎలా కొలిచారన్నదే ముఖ్యం. పాఠశాలల స్థానాలను అక్షాంశ రేఖాంశాలతో కంప్యూటర్ పటాల మీద గుర్తించే పద్ధతి నేడు అమలులో ఉంది. బడి చుట్టూ ఒక వృత్తం గీసి, అందులోని ఇళ్లన్నీ దగ్గరివేనని తీర్మానించడం సులువైన పని. కానీ పిల్లలు పక్షులు కారు. ఇంటికీ బడికీ మధ్య ఒక వాగు ఉందనుకుందాం. పటం మీద గీత గీస్తే 800 మీటర్లు, వంతెన మీదుగా నడిస్తే రెండున్నర కిలోమీటర్లు. మొదటి లెక్కలో ఆ పిల్లకు సాయం అక్కరలేదు, రెండో లెక్కలో అది ఆమె హక్కు. అందుకే నడిచే దారి పొడవునే కొలవాలి. దాటవలసిన జాతీయ రహదారిని, రైలు పట్టాలను, వానకాలంలో మునిగే బాటను కూడా పటంలో చేర్చాలి.

దూరం తగ్గితే ఫలితం ఉంటుందా? బీహార్ ప్రభుత్వం 2006లో ఉన్నత పాఠశాలలో చేరే బాలికలకు సైకిళ్ల పథకం ప్రారంభించింది. దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ ఉన్నత పాఠశాలల్లో బాలికల చేరికలు సుమారు 30 శాతం పెరిగాయని తేల్చారు. ఆ పెరుగుదల ఎక్కువగా కనిపించింది బడికి దూరంగా ఉన్న గ్రామాల్లోనే. సాయం ఎక్కడ అవసరమో అక్కడ అందితే ఫలిస్తుందనడానికి ఇదే నిదర్శనం.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు, బాలికలకు ఉచిత ప్రయాణం ఉంది. ఇది మేలైన చర్య. అయితే బస్సే రాని పల్లెలో ఉచిత ప్రయాణం కాగితం మీదనే మిగులుతుంది. బడి గంటకు ముందు ఒక బస్సు, బడి విడిచాక ఒక బస్సు ఉన్నాయా లేవా అన్నదీ పటంలో తేలవలసిన విషయమే.

ఇందులో మన బాధ్యత కూడా ఉంది. చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు ఉండాలి. ఆ కమిటీలో మన స్త్రీలు కూర్చోవాలి, మాట్లాడాలి. పిల్లలు నడిచే దారిలో ఒకసారి మనమూ నడిచి, చేతిలోని ఫోనుతో దూరం కొలిచి, అడ్డంకులను రాసుకుని, కమిటీ తీర్మానంతో మండల విద్యాశాఖాధికారికి అర్జీ ఇవ్వాలి. మన వీధి పిల్లల కోసమే కాదు, వాగు అవతలి పిల్లల కోసం కూడా అడగాలి. దారి దొరకక ఇంట్లో ఉండిపోయిన ప్రతి బాలిక పేరూ ఆ అర్జీలో ఉండాలి.