ఏమీ అక్కరలేని మొక్క

తెలుగునాట అనేక గృహాల గుమ్మాలకు కలబంద తలక్రిందులుగా వేలాడుతూ ఉంటుంది. దిష్టి తగలకుండుటకై కట్టిన ఆ మొక్కకు మన్ను లేదు, నీరు లేదు. వేళ్లు ఆకాశం వైపు, ఆకులు గడప వైపు. అయినను నెలల తరబడి పచ్చదనాన్ని విడువదు. ఒక్కొక్కప్పుడు పూవు కూడ పూస్తుంది. ఈ వింతను దినమూ చూచే కన్నులు ఒక నిర్ణయానికి వచ్చినవి: కలబందకు ఏమీ అక్కరలేదు. సంస్కృతంలో దాని పేరే కుమారి. వార్ధక్యం ఎరుగని దానికి ఉపచారమెందుకు?

ఓర్చుకొనుట వేరు, అక్కర లేకుండుట వేరు. గుమ్మానికి వ్రేలాడే మొక్క తాను కూడబెట్టుకొన్న దానితో కాలక్షేపం చేస్తున్నది. ఆకులలోని గుజ్జే దాని గాదె. గాదె తరుగుతున్నకొద్దీ అడుగు ఆకులు పలుచబడి, లోపలికి ముడుచుకొని, ఎండి రాలుతవి. నడిమి మొవ్వ మాత్రం చాలకాలం పచ్చగానే కనిపిస్తుంది. చూచేవారు మొవ్వను చూచి తృప్తి పడుతారు.

ఈ ఓర్పు వెనుకనున్న ఏర్పాటు సామాన్యమైనది కాదు. చాలా మొక్కలు పగటివేళ ఆకులలోని సూక్ష్మరంధ్రాలను తెరచి బొగ్గుపులుసు గాలిని గ్రహిస్తవి. ఆ ద్వారాల గుండానే నీరు ఆవిరై పోతుంది. కలబంద, నాగజెముడు, రణపాల వంటివి ఆ ద్వారాలను ముఖ్యంగా రాత్రి చల్లదనంలో తెరుస్తవి. గ్రహించిన గాలిని ఆమ్లరూపంలో దాచుకొని, పగలు తలుపులు మూసి, వెలుతురు సాయంతో ఆహారం తయారు చేసుకొంటవి. రణపాల ఆకు ఉదయం పుల్లగాను, మధ్యాహ్నానికి రుచి లేకుండాను, సాయంకాలానికి చేదుగాను ఉంటుందని బెంజమిన్ హెయిన్ వ్రాసిన లేఖ 1815లో లండనులోని లిన్నియన్ సొసైటీవారి సంపుటంలో వెలువడినది. ఈ హెయిన్ కుంఫిణీవారి కొలువులో కొంతకాలం సామర్లకోట వృక్షవాటికను చూచినవాడే. నాలుకతో ఆయన కనిపెట్టిన దానికి కారణం శాస్త్రజ్ఞులకు పూర్తిగా బోధపడుటకు శతాబ్దానికి పైగా పట్టినది.

ఇంత పొదుపరి అయిన మొక్క కూడ నేడు నగరాల మేడలలో, వరండా మూలలలో, కుండీలలో క్షీణిస్తున్నది. ఏండ్ల తరబడి మార్చని మట్టి రాయివలె గట్టిపడి, కుండీ అంచు నుండి ఎడమవుతుంది. పోసిన నీరు ఆ సందున జారి అడుగు రంధ్రం గుండా పోతుందే కాని వేరును తడపదు. తల్లి చుట్టూ పిలకలు క్రిక్కిరిసి, ఉన్న కొద్దిపాటి సారాన్ని పంచుకొంటవి.

అయితే ఈ ఉపేక్ష చేత చచ్చే కలబందలు తక్కువ. ఆలస్యంగా పుట్టిన దయ చేత చచ్చేవే ఎక్కువ. ఒకనాడు ఇంటివారి దృష్టి ఆ మూలకు పోతుంది. అయ్యో అనిపిస్తుంది. వెంటనే ఉదయం ఒక చెంబెడు, సాయంత్రం ఒక చెంబెడు నీరు, పిడికెడు ఎరువు, పైగా మిట్టమధ్యాహ్నపు ఎండ. ఏండ్ల బాకీని ఒక్క వారంలో తీర్చివేయవలెనన్న ఆతురత అది. కాని నీరు త్రాగే సన్నని వేళ్లు ఎప్పుడో ఎండిపోయినవి. త్రాగలేని దానికి చుట్టూ నీరు నిలిస్తే మిగిలిన వేళ్లు కుళ్లుతవి. నీడకు అలవాటుపడిన ఆకులు ఎండకు కమిలి ఎర్రబడుతవి. మొక్క కూలిన తరువాత, “ఎంత చేసినా నిలువలేదు” అన్న మాట మాత్రం మిగులుతుంది.

దానిని నిలబెట్టే మార్గం వేరు; అందులో మొదటి పని చెంబు క్రింద పెట్టుట. కుండీని పక్కకు వంచి, తట్టి, మొక్కను మెల్లగా వెలికి తీయవలె. పాత మట్టిని వ్రేళ్లతో రాల్చి, వేళ్లను పరీక్షించవలె. గట్టిగా, లేతరంగులో ఉన్నవి ప్రాణమున్నవి; నల్లగా మెత్తబడినవి, పుల్లలవలె విరిగేవి పోయినవి. పోయినవాటిని శుభ్రమైన కత్తితో తీసివేయవలె. కొన్ని వేళ్లు వచ్చిన పిలకలను తల్లి నుండి వేరు చేయవచ్చు. ఆకును త్రుంచి నాటుటవల్ల ప్రయోజనం లేదు. రణపాల ఆకు అంచున పిల్లలు పుట్టినట్లు కలబంద ఆకుకు పుట్టవు. తరువాత మొక్కను మూడు నాలుగు దినాలు నీడలో ఊరకే ఉంచి గాయాలు ఆరనీయవలె.

క్రొత్త కుండీ మట్టిదైతే మేలు. అది చెమ్మను విడుస్తుంది. అడుగున రంధ్రం తప్పనిసరి. పరిమాణం పాతదానికంటె అంగుళమో రెండంగుళాలో ఎక్కువైతే చాలు. పెద్ద కుండీ అన్నది కూడ అనవసరపు ఔదార్యమే. వేరు చేరని మట్టిలో తడి నిలిచిపోతుంది. రంధ్రంపై ఒక పెంకు ఉంచి, ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపవలె. నాటిన తరువాత ఒక వారం నీరు పోయరాదు. అటుపైన ఒకసారి అడుగు నుండి కారేదాకా పోసి, రెండంగుళాల లోతున మట్టి ఆరేవరకు మరల ఆ జోలికి పోరాదు. ఎండను లేత ఉదయపు వేళతో ప్రారంభించి క్రమంగా పెంచవలె. వానకాలంలో కుండీ చూరు క్రింద ఉండవలె.

ఇంత శ్రమ ఎందుకు, తోటలవారి వద్ద క్రొత్త మొక్క చవకగా దొరుకుతుంది గదా అనేవారు ఉన్నారు. మాట నిజమే. కొనుటవల్ల మొక్క మారుతుంది. చూచే కన్ను మారదు. క్రొత్తది కూడ అదే మూలకు చేరి, అదే పేరు తెచ్చుకొంటుంది. పాతదానిని వెలికి తీసి వేళ్లు చూచిన చేయి మాత్రం ఇకపై కుండీని అంత సులభంగా మరచిపోదు.

ఏమీ అక్కరలేదని పేరుపడినవారు చాలా ఇండ్లలో ఉంటారు. అందరి భోజనాలయిన తరువాత మిగిలినది తినే తల్లి, ఏ పండుగకూ తనకు బట్ట అడుగని పెద్దకోడలు, ఊరిలో ఒంటరిగా ఉండి “నాకేమి, బాగానే ఉన్నాను” అనే తండ్రి. వారి ఓర్పును వారి స్వభావమని తలచుట ఇతరులకు మిక్కిలి సౌకర్యం. ఏండ్లకు మేలుకొన్న బిడ్డలు నాలుగు దినాల సెలవులో పట్టుచీరలతో, పెద్ద ఆసుపత్రులతో, ఊరు విడిచి తమతో రమ్మనే బలవంతంతో మునుపటి లోటంతా పూడ్చజూస్తారు. వారు కోరినది బహుశా వారానికొకసారి తీరికగా ఒక మాట.

కోలుకొన్న కలబందకు పాత ఆకుల మచ్చలు పోవు. వంగి ఎండిన కొనలు మరల పచ్చబడవు. కొన్ని వారాల తరువాత నడుమ నుండి ఒక క్రొత్త ఆకు నిటారుగా లేస్తుంది. అప్పుడైనను సంతోషం కొద్దీ నీరు పోయరాదు. ముందు వ్రేలు పెట్టి మట్టి చూడవలె.